దేవుడి మేకను సగపాలుకు మేపిన జ్ఞానమ్మ

ఠంగ్. కాస్త ఆగి ఇంకో ఠంగ్. ఆ తర్వాత, అలిగిన మనిషి తలుపు విసురుగా వేసినట్టు, మూడోది.

నేనింకా కళ్ళు తెరవలేదు. ఆ ఇనుప చప్పుడు నా మంచం దాకా వచ్చి, అక్కడ కాసేపు వణికి, మళ్ళీ కిటికీలోంచే బయటికి వెళ్ళి నల్లమల వైపు నడుచుకుంటూ పోయింది. దాని వెనకాలే ఒక గొంతు.

"ఈరోజుకు ఇంతే. ఇంకా కావాలంటే నువ్వే దిగొచ్చి కొట్టుకో."

రాచర్ల మండలంలోని ఆ పల్లె బడికి నేను బదిలీ మీద వచ్చి వారం కాలేదు. చర్చికి ఎదురుగా గది దొరికింది. ఎవరు ఎవరిని దిగి రమ్మంటున్నారో చూద్దామని కిటికీ తెరిచాను. వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఇంకా ఊగుతోంది. దాని కింద, ఆ పట్టాకంటే ఏమంత లావు లేని ఒక ముసలమ్మ, చేతిలో పెద్ద బోల్టు పట్టుకుని, ఆకుల సందుల్లోంచి ఆకాశం వైపు గుడ్లురిమి చూస్తోంది. చుట్టూ మేకలు. వాటిలో ఒక్కటి కూడా ఆకాశాన్ని పట్టించుకోవడం లేదు.

గది యజమాని యాకోబు నీళ్ళ బిందె తెచ్చి గడపలో పెట్టాడు. ఆయన సంఘపెద్ద కూడా. నా మొహం చూసి నవ్వాడు.

"భయపడబాకండి సారూ. మా వదిన, జ్ఞానమ్మ. మూడు దెబ్బలేసిందంటే దేవునితో మాటా మాటా వచ్చిందని."

"మామూలుగా ఎన్ని వేస్తుంది?"

"మామూలుగా అయితే జనం వచ్చి కూర్చునేదాకా. సంతోషమైతే ఇంక చెయ్యి నొప్పి పుట్టిందాకా. పోయినేడు తొలకరి బాగా పడినప్పుడు కొట్టింది చూడాల, పక్కూరోళ్ళు ఇండ్లు అంటుకున్నాయేమోనని బిందెలతో పరుగెత్తుకోని వచ్చినారు."

గిద్దలూరు మీదుగా పోయే చిన్న రైలు పోయి పెద్ద లైను పడిన రోజుల్లో ఆ పట్టా ముక్క ఊళ్ళోకి వచ్చిందట. ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. దేవుడి ఇంట్లో ఉన్న వస్తువును ఎలా వచ్చిందని అడగకూడదని ఊళ్ళో ఒక మర్యాద. ఒకప్పుడు బండ్లను మోసిన ఇనుము ఇప్పుడు ఆదివారాలను మోస్తోంది. దాన్ని మోగించే పని జ్ఞానమ్మ మొగుడిది. ఆయన పోయాక బోల్టు ఆమె చేతికి వచ్చింది. అప్పటినుంచి ఊరికి ఒక వార్త ఉచితంగా అందుతోంది: ఈ వారం జ్ఞానమ్మకూ దేవుడికీ ఎలా ఉందో.

ఆ ఆదివారం తగువు అంతకు ముందు ఆదివారం ప్రసంగం వల్ల వచ్చింది. గిద్దలూరునుంచి మోటారుసైకిలు మీద వచ్చే పాస్టరు కరుణాకరం గారు అంత్యతీర్పు గురించి చెప్పారు. ఆ దినాన గొర్రెలను కుడి పక్కన, మేకలను ఎడమ పక్కన నిలబెడతారని, ఎడమ పక్కవాళ్ళ గతి మంచిది కాదని ఆయన చెబుతుండగా, ఆడవాళ్ళ చాపల్లోంచి ఒక చెయ్యి లేచింది.

"అయ్యగారూ, మేకలేం తప్పు చేసినాయి?"

"అది ఉపమానం జ్ఞానమ్మా."

"ఉపమానమే అనుకో. గొర్రె తలకాయ దించుకోని ముందుదాని తోక చూసుకుంటా పోతాది. ముందుది బాయిలో పడితే ఇదీ పడతాది. మేకకు బుర్ర ఉండాది. కొమ్మ అందకపోతే చెట్టెక్కుతాది. బుర్ర ఉండేటివన్నీ ఎడమ పక్కకా?"

మగవాళ్ళ వైపు కిసుక్కుమన్నారు. పాస్టరు గారు మంచి మనిషి. చదివిన చదువంతా ఒకసారి నెమరు వేసుకుని, "కీర్తన పాడుకుందాం" అన్నారు.

జ్ఞానమ్మ ప్రార్థన నేను చాలాసార్లు విన్నాను. మా మధ్య ఉన్నది సన్నటి బాట. ఆమె మోకాళ్ళూనేది కాదు, కళ్ళు మూసేది కాదు. గోడ అవతలి పెద్దన్నతో మాట్లాడినట్టు మాట్లాడేది. అడిగేది, దెప్పేది, మధ్యలో ఒక మేకను అదిలించేది, మళ్ళీ ఆగిన చోటే అందుకునేది. ఆమెన్ మాత్రం అనేది కాదు. "మాట అయిపోయినాక గదా ఆమెన్? మా మాట యాడ అయిపోయింది?" అనేది.

ఆ మేకల్లో ఒకదానికి చెవిలో చిన్న కోత ఉండేది. దాన్ని అందరూ దేవుని మేక అనేవాళ్ళు. అంతకు ముందు ఏటి చర్చి కోతపండగలో జ్ఞానమ్మ, దేవుడు తనకు చేసిన మేలును సాక్ష్యంగా చెబుతూ, ఆ ఏడు పుట్టిన మొదటి పిల్లను దేవుడికి ఇచ్చేసింది. ఇచ్చింది కానీ చర్చికి దొడ్డి లేదు. పాస్టరు గారి మోటారుసైకిలు మీద మేక కూర్చోదు. అందుకని దేవుడి మేక జ్ఞానమ్మ దొడ్డిలోనే ఉండిపోయింది. మిగతావాటితో పాటే మేసేది, మిగతావాటితో పాటే తిట్లు తినేది. తేడా ఒక్కటే. దాన్ని తిట్టేముందు జ్ఞానమ్మ ఒకసారి పైకి చూసేది.

వానల్లో మేకలకు పారుడు రోగం వచ్చింది.

రాచర్లనుంచి పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు. అప్పటికే ఆలస్యమైంది. ముక్కులు కారాయి, నోళ్ళు పూశాయి, బతికున్నన్నాళ్ళూ చెట్లెక్కిన జంతువులు నేల మీద మడతలు పడి పడుకున్నాయి. జ్ఞానమ్మ గంజి పట్టింది, ఒళ్ళు తుడిచింది, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచింది. పేరు పిలిస్తే కొన్ని చెవులు కదిపాయి. కొన్ని అది కూడా చెయ్యలేదు. వానలు వెలిసేసరికి దొడ్డిలో ఒకే ఒక మేక నిలబడి, ఏమీ ఎరగనట్టు, పందిరి తాటాకు పీకి తింటోంది. దాని చెవిలో కోత.

కంచె అవతల యల్లయ్య మంద చెక్కు చెదరలేదు. రోగం వచ్చిన నెలంతా వాడు మందను తోలుకుని కొండ కిందికి పోయాడు. అంతే తేడా. యల్లయ్య ఏ దేవుడికీ దండం పెట్టడు. అడిగితే, "నేనెవుర్నీ కదిలించను, నన్నెవురూ కదిలించబాకండి" అంటాడు.

ఆ ఆదివారం రైలుపట్టా ఒక్కసారే మోగింది. సగం ఊరు దాన్ని కలలో విన్న చప్పుడనుకుని అటు తిరిగి పడుకుంది.

యాకోబు పరుగున వచ్చాడు. "వదినా, జనం రాలా. ఇంకో నాలుగు దెబ్బలెయ్యి."

"వినాల్సినోనికి ఒక దెబ్బ చాలు," అంది జ్ఞానమ్మ. "ఆయన తనది తాను కాపాడుకున్నాడు. నావి నా మీద ఇడిసిపెట్టినాడు. ఇంగ మా ఇద్దరికీ మాటల్లేవు. పని మాత్రం మానను. గంట కొడతా, ఆయన మేకను మేపుతా. మాట్లాడేది లే."

మాట్లాడకపోవడం ఆమెకు చేతకాలేదు. దేవుడితో మానేసి, దేవుడి మేకతో మొదలుపెట్టింది. "మీ ఆసామికి చెప్పు, మళ్ళా వాన పట్టుకుందని." "మీ ఆసామిని అడుగు, నీ గొంతులో పోసిన గంజే గదా అందరి గొంతులో పోసినా, నువ్వొక్కదానివే యాల బతికినావో." మేక నమిలేది. నమలడంలో అది పాస్టర్లందరికంటే ఓపికగలది.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఎవరి ఓదార్పు వాళ్ళు తెచ్చారు. పాస్టరు గారు యోబు కథ తెచ్చారు. యోబు అన్నీ పోగొట్టుకుని, చివరికి రెండింతలు పొందాడని చెప్పారు.

"బానే ఉండాది అయ్యగారూ," అంది జ్ఞానమ్మ. "యోబుకు కొత్త మందలిచ్చినాడు. పాత మందను ఎవురన్నా అడిగినారా, నీకు సరేనా అని?"

యల్లయ్య కంచె మీదినుంచే సలహా విసిరాడు. "అక్కా, ఎట్లా మీకు మాటల్లేవు. ఆ ఒక్కదాన్ని గిద్దలూరు సంతలో అమ్మేసి రెండు పిల్లలు కొనుక్కో. చెవి కోతదేముంది, ముల్లు గీరుకుందంటే పాయె."

"నోరు ముయ్యిరా తమ్ముడా. అలిగినానే గాని దొంగనయితినా?"

"నేను ఒక దేవునికి గూడా దండం పెట్టలా. నా మందకు జలుబన్నా రాలా. నువ్వు గంట కొట్టి కొట్టి చేతులు కాయలు కాయించుకుంటివి. ఇదేం న్యాయం అక్కా?"

జ్ఞానమ్మ కాసేపు వాడి మందను చూసింది. ఆ చూపులో అసూయ ఉంది. దాచలేదు కూడా. "న్యాయం గాదు," అంది. "అయితే మాత్రం? వాన పడేస్తే నీ చేను తప్పించి పడేస్తాడా? నువ్వు దండం పెట్టకపోయినా నీ మందను చూసినాడు చూడు, ఆ బుద్ధి మాత్రం మంచిదే. నామీద యాల చూపలేదనేదే నా తగువు."

చలి మొదలయ్యాక దేవుని మేక పొట్ట రెండు పక్కలా కావడి కుండల్లా దిగింది. చూడితో ఉంది. ఊళ్ళో మాట పుట్టింది. మేక దేవుడిది, పిల్లలూ దేవుడివే. కందులు ఇంటికి వచ్చాక జరిగే కోతపండగలో తల్లినీ పిల్లలనూ వేలంపాట పెట్టాలని యాకోబు అన్నాడు. ఆ పండగలో ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయ, కోడి, సంచిలో కందులు. అన్నీ చర్చి ముందే పాట పెడతారు. మేకలను కూడా పాట పెడితే జ్ఞానమ్మ దొడ్డిలో ఇక మిగిలేది తాళ్ళే.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో జ్ఞానమ్మ లేచి నిలబడింది. ఎన్నో వారాల తర్వాత.

"నేను సాక్ష్యం చెప్పడానికి లేవలా. పాలు అడగడానికి లేచినా."

సంఘం చెవులు రిక్కించింది. ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. మేకలున్నా మేపే తీరిక లేనివాళ్ళు ఇంకొకరికి సగపాలుకు ఇస్తారు. తల్లి ఎప్పటికీ ఆసామిదే. ఈనిన పిల్లల్లో మేపినవాళ్ళకు సగం. రెండు పుడితే ఆసామి ముందు ఒకటి ఏరుకుంటాడు, రెండోది మేపినవాళ్ళది. కాగితం లేదు, సాక్షి లేడు. తాతల నాటినుంచి ఎవరూ ఎగ్గొట్టింది లేదు.

"ఈ మేక దేవునిది. నేనేం కాదనలా," అంది జ్ఞానమ్మ. "ఎండలో తిప్పినా, వానలో తడిసినా. రోగమొస్తే నా మేకల కంటే ముందు దాని నోరే తుడిచినా, పరాయి సొమ్ము గదా అని. యల్లయ్య మేకైతే ఈనగానే నా సగం నాకిచ్చేవాడు. ఏ దేవునికీ దండం పెట్టని యల్లయ్య ఇచ్చేది, దేవుడు ఇయ్యడా?"

యాకోబు లేచాడు. "వదినా, మొక్కుకున్నది మొత్తం ఆయనదే. దేవునితో సగపాలు ఏంది? అట్ల ఎవురన్నా విన్నారా?"

"నేను మొక్కింది తల్లిని యాకోబూ. దాని పొట్టను గాదు. నువ్వు ఆయన తరఫున మాట్లాడబాకు. ఆయనే కాదంటే కాదననీ."

అందరూ తెలియకుండానే పైకి చూశారు. రేకుల మీద ఒక పిచ్చుక టకటకా నడుస్తోంది. అంతకు మించి ఏ అభ్యంతరమూ వినిపించలేదు. పాస్టరు గారు గడ్డం గోక్కున్నారు. పనివాడు తన జీతానికి పాత్రుడని వాక్యం ఉంది కాబట్టి సగపాలు న్యాయమేనని తేల్చారు.

మేక రెండు పిల్లలను ఈనింది. ఒకటి ఎర్ర పోతు. రెండోది నల్లగా, నొసట వేలి ముద్దరంత తెల్లమచ్చతో, ఆడది.

మేకలు మేపేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పోతు అంటే ఒక పండగ, ఒక కూర. ఆడపిల్ల అంటే ఇంకో ఏడాదికి తల్లి, దాని పిల్లలు, వాటి పిల్లలు, మళ్ళీ మంద. జ్ఞానమ్మ పోగొట్టుకున్నదంతా ఆ నొసటి మచ్చలో ముడుచుకుని పడుకుని ఉంది. ఆసామి ముందు ఏరుకుంటాడు. తెలివైన ఏ ఆసామీ పోతును ఏరుకోడు.

"మీ ఆసామి తెలివైనోడని అయ్యగారు ప్రతి ఆదివారం చెప్తానే ఉండాడు," అని తల్లిమేకతో దిగులుగా అంది.

ఎలా ఏరుకుంటాడన్నది తర్వాతి చిక్కు. చీట్లు వేద్దామన్నారు పాస్టరు గారు. చీటీ తీసేది మనిషి చెయ్యి గదా అంది జ్ఞానమ్మ. చివరికి కోతపండగనాడు గంట కొట్టగానే పిల్లలను కొట్టం నుంచి వదలాలని, ఏది ముందు చర్చి గడప దాటితే అది దేవుడిదని తీర్మానించారు. పండగకు ఇంకా చాలా రోజులున్నాయి.

ఆ రోజుల్లో జ్ఞానమ్మను నేను మరిచిపోలేను. ఏది తనదో తెలియదు. అందుకని రెండింటినీ తనవే అన్నట్టు ముద్దు చేసింది, రెండూ దేవుడివే అన్నట్టు భయంగా చూసుకుంది. చలి రాత్రి ఒకదాన్ని దుప్పట్లోకి లాక్కుంటే రెండోదాన్ని వదిలిపెడితే ఎలా? అది దేవుడిదైతే? అది తనదైతే? రెండూ దుప్పట్లోకి వచ్చేవి, జ్ఞానమ్మ బయటికి జరిగేది. "నన్ను బాగా ఇరికించినాడు సారూ," అంది ఒకరోజు. అనగానే నాలుక కరుచుకుంది. ఆయన సంగతి ఎత్తకూడదన్న పంతం గుర్తొచ్చి.

కోతపండగ వచ్చింది. చర్చి ముందు గుమ్మడికాయలు ఎండలో కూర్చుని ఉన్నాయి. కాళ్ళు కట్టిన కోళ్ళు, అరటిగెలలు, కందుల సంచులు, ఎవరో తెచ్చిన చీపురుకట్టలు. పక్కన పెద్ద గుండిగల్లో అన్నం. పాట పాడేవాళ్ళు ఊరంతా, అందులో హిందువులూ ఉన్నారు, కోడి మంచిదైతే మతం ఎవరడిగారు. యల్లయ్య కూడా గోడకు ఆనుకుని నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

యాకోబు దూరంగా కొట్టం దగ్గర పిల్లలను పట్టుకుని ఉన్నాడు. జ్ఞానమ్మ వేప కింద బోల్టు పట్టుకుని నిలబడింది. ఆమె ఒడి కొంచెం ఉబ్బుగా ఉంది. నేను చూశాను కానీ ఏమీ అనుకోలేదు.

ఠంగ్.

యాకోబు వదిలాడు. రెండు పిల్లలూ నాలుగు కాళ్ళ మీద ఒకేసారి ఎగురుతూ వచ్చాయి. పోతు గుమ్మడికాయల దగ్గర ఆగి, వాటికి కట్టిన బంతిపూలు నమలడం మొదలుపెట్టింది. నల్లపిల్ల ఆగలేదు. నేరుగా జ్ఞానమ్మ దగ్గరికి వచ్చి ఆమె ఒడిలో మూతి పెట్టి కుమ్మింది.

జ్ఞానమ్మ మొహంలో రంగు మారింది. ఒడి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది. జ్ఞానమ్మ ఇంకా వెనక్కి. పిల్ల ఇంకా ముందుకు. "పో, ఛీ, పో," అంటోంది పళ్ళ మధ్యనుంచి. అందరూ చూస్తున్నారు. ఆమె ఒడిని రెండు చేతులతో మూసుకుని, వెనక ఏముందో చూడకుండా, మెట్టు ఎక్కింది. ఇంకో మెట్టు ఎక్కింది. గడప దాటింది. ఆమె వెనకాలే నల్లపిల్ల కూడా గడప దాటి, చర్చిలోపల చెంగున ఒక గంతు వేసింది.

"హల్లెలూయ!" అని అరిచాడు యాకోబు. "దేవుడు ఏరుకున్నాడు!"

ఊరంతా చప్పట్లు. ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు కానీ, గుమ్మం దగ్గరున్న నాకూ, గోడకు ఆనుకున్న యల్లయ్యకూ కనబడింది. జ్ఞానమ్మ ఒడి జారి, లోపల దాచిన తుమ్మకాయలు సిమెంటు నేల మీద గలగలా రాలాయి. నల్లపిల్లకు తుమ్మకాయలంటే ప్రాణం. అది గడప వైపు పోకుండా తన దగ్గరికి రావాలని ఆమె ఒడి నింపుకుంది. అది వచ్చింది. అయితే ఒడి కూడా గడప దాటింది.

యల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. జ్ఞానమ్మ నేల మీద కూర్చుని, నల్లపిల్ల ఒక్కొక్క కాయ ఏరుకుని తింటుంటే చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తుందేమోననుకున్నాను. ఆమె భుజాలు కదిలాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

"చూసినావా?" అంది. నాతో కాదు. వానాకాలం తర్వాత మొదటిసారి ఆయనతోనే. "దొంగతనం నాదే. దారి మాత్రం నీది. మేకబుద్ధి నాకొక్కదానికే ఉండాదనుకుంటి. నీకూ ఉండాది."

తల్లిమేక దొడ్డిలోనే సగపాలుకు ఉండిపోవాలనీ, ఏరుకున్న పిల్లను మాత్రం పాట పెట్టాలనీ సంఘం నిర్ణయించింది. పాట మొదలైంది. గిద్దలూరునుంచి వచ్చిన ఒకాయన పాడాడు. రాచర్ల ఆయన పెంచాడు. జ్ఞానమ్మ చెట్టు కింద పోతుపిల్లను ఒళ్ళో పెట్టుకుని, పాట ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా దాని చెవులు మూస్తోంది, పాపం అది వినకూడదన్నట్టు.

ఉన్నట్టుండి గోడ దగ్గరినుంచి ఒక పాట వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. యల్లయ్య. రాచర్ల ఆయన పెంచితే యల్లయ్య ఇంకా పెంచాడు, చిరాకుగా, దోమను కొట్టినట్టు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. నల్లపిల్ల యల్లయ్యది.

"నువ్వు దేవునికి ఇయ్యడమేందిరా?" అంది జ్ఞానమ్మ, నోరు తెరిచి.

"ఇయ్యలా. కొన్నా," అన్నాడు యల్లయ్య. "అక్కా, ఊరికే చూస్తావేంది? ఎండలు ముదిరితే మంద తోలుకోని కొండకు పోవాల. ఈ పిల్ల నా మందతో నడవలేదు, తోడేలు పాలయితాది. సగపాలుకు నువ్వే మేపు. రెండు ఈనితే నేను ముందు ఏరుకుంటా, ఇప్పుడే చెప్తాండా. తుమ్మకాయలు ఒళ్ళో పెట్టుకోని రాబాకు."

"జాలి పడినావురా నా మీద?"

"జాలేంది? ఈ చుట్టుపక్కల దుప్పట్లో పెట్టుకోని మేకల్ని పెంచేది నువ్వొక్కదానివే. నాది యాపారం."

ఆ మధ్యాహ్నం పాట ముగిసి, అన్నాలు వడ్డించే ముందు, రైలుపట్టా మోగింది. ఎంతసేపు మోగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. వేపాకులు రాలాయి, పిచ్చుకలు రేకుల మీదినుంచి లేచిపోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ లేచిపోయాయి. ఎండ కూడా ఆ చప్పుడుకు కొంచెం కదిలినట్టనిపించింది. పక్క ఊరివాళ్ళు ఈసారి కూడా పరుగెత్తుకొచ్చారు. బిందెలు తేలేదు, పళ్ళాలు తెచ్చారు.

మరుసటి ఏడు ఎండాకాలంలో నాకు మార్కాపురం బదిలీ అయింది. జిల్లాలు మారినా, మా జిల్లా కేంద్రం ఒంగోలు మాత్రం ఎప్పటిలాగే దూరంగా ఉండిపోయిన రోజులవి. పెట్టె సర్దుకుని చెప్పి వెళ్దామని దొడ్డి దగ్గరికి వెళ్ళాను. జ్ఞానమ్మ నల్లమేక కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్టలోంచి ముల్లు తీస్తోంది. నల్లపిల్ల పెద్దదయింది, పొట్ట దిగింది. దాని తల్లి పక్కనే నిలబడి పందిరి తాటాకు పీకుతోంది. ఆ అలవాటు మారలేదు.

చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను. "పోయిన మేకల సంగతి ఆయనేమన్నా చెప్పాడా?"

"లే." ముల్లు బయటికి వచ్చింది. దాన్ని ఎండకు పట్టి చూసి, కంచె అవతలికి విసిరింది. "రోజూ అడుగుతా. వింటాడు, పలకడు. మా నాయన గూడా అంతే సారూ. నా చిన్నప్పుడు కరువొచ్చినప్పుడు మా పెంపుడు మేకను ఎవురికో ఇచ్చేసినాడు. యాల ఇచ్చినావు నాయనా అని ఏడిస్తే ఒక్క మాట చెప్పలా. కోపమొచ్చి అన్నం కాడ ఆయన పక్కన కూర్చోకుండా ఎడంగా కూర్చున్యా. తలకాయ దించి చూసుకుంటే ఆయన ముద్ద నా గిన్నెలో ఉండాది. చెప్పే నోరు కొందరికుండదు. పెట్టే చెయ్యి ఉంటాది."

"అయితే ఇప్పుడు ఆమెన్ అంటావా?"

"ఇంకా తగువుండాది గదా!" అని నవ్వింది. "ఆ మేకల సంగతి చెప్పాల. చెప్పినంక అంటా. ఆయనకు ఏం తొందర, నాకేం తొందర?"

గిద్దలూరు పోయే ఆటో రోడ్డు మీద హారను కొట్టింది. పెట్టె ఎత్తుకుని నడిచాను. కొంత దూరం పోయాక వెనకనుంచి పిలుపు. తిరిగి చూస్తే జ్ఞానమ్మ కంచె మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆమె వెనక మేకలు, మేకల వెనక కొండ, కొండ మీద ఒక మబ్బు, ఎవరి చేను వైపు పోవాలో ఇంకా తేల్చుకోనట్టు.

"సారూ! మార్కాపురంలో పెద్ద అయ్యగార్లెవురన్నా కనపడితే నా మాటగా చెప్పు. ఆ ఆఖరి దినాన మేకల్ని ఎడమ పక్కకు తోలితే జ్ఞానమ్మ గూడా ఆ పక్కకే పోతాదంట అని. మందను ఇడిసిపెట్టి నేను యాడికి పోతా? నాకేం బయం లే సారూ. పొద్దు గూకినాక, ఏ పక్క దొడ్డి కాడికైనా ఆసామి రాకుండా ఉంటాడా?"